ఒకే బ్రాండ్, ఐదారు ప్యాకెట్లు: సిరీస్ ట్రేడ్‌మార్క్‌లో వర్ణన మాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని ట్రేడ్‌మార్క్ దరఖాస్తుల పని చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుంటూరు కారం మిల్లుల వాళ్లు, గొల్లపూడి హోల్‌సేల్ వ్యాపారులు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆడవాళ్లు. సరుకులు వేరు, ఊళ్లు వేరు, సందేహాలు మాత్రం అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. "తొలిచుక్క" అన్నది ఉదాహరణ కోసం నేను అనుకున్న పేరు.

## పేరు పెట్టుకునే ముందు

సిరీస్ అంటే ఏంటండీ? నా ఐదు ప్యాకెట్లకీ ఒక్క రిజిస్ట్రేషన్ సరిపోతుందా?

ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 సెక్షన్ 15లో ఈ వెసులుబాటు ఉంది. ఒకే యజమానికి చెందిన కొన్ని మార్కులు ముఖ్యమైన భాగంలో ఒకేలా ఉండి, చిన్న తేడాలు మాత్రమే ఉంటే వాటన్నిటినీ ఒకే రిజిస్ట్రేషన్ కింద తీసుకోవచ్చు. "తొలిచుక్క కారం", "తొలిచుక్క పసుపు", "తొలిచుక్క ధనియాల పొడి" అలాంటివి. సరుకులు ఒకటే అయ్యుండాలి, లేదా ఒకే తీరువై ఉండాలి. ఐదు ప్యాకెట్ల మీద ఐదు వేరు వేరు పేర్లుంటే అది సిరీస్ కాదు, ఐదు మార్కులు.

వర్ణించే మాటలకు రిజిస్ట్రేషన్ ఇవ్వరంటారు. సిరీస్‌కేమో అవే మాటలు ఉండాలంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. అందరూ తికమకపడేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

సరుకు ఏంటో, ఎలా ఉంటుందో, ఎక్కడిదో, ఎంతో చెప్పే మాట వర్ణన మాట. కారం, కమ్మని, గుంటూరు, అరకిలో, గానుగ, స్పెషల్ ఇవన్నీ అవే. సెక్షన్ 9 ప్రకారం అలాంటి మాటలతోనే తయారైన పేరుకు రిజిస్ట్రేషన్ ఇవ్వరు. ఆ మాటలు వ్యాపారులందరికీ కావాలి, ఒక్కరికి రాసిచ్చేస్తే మిగతావాళ్లు తమ సరుకు పేరు ఎలా చెప్పుకుంటారు?

సిరీస్ సంగతికొస్తే, ఒక్కో పేరులో రెండు భాగాలుంటాయి. అన్నిటిలోనూ ఉండే ఉమ్మడి మాట ఒకటి, ఒక్కో ప్యాకెట్‌కీ మారే మాట ఇంకొకటి. మారే మాట వర్ణన మాటే అయ్యుండాలి, అప్పుడే పేరు అదే పేరుగా మిగులుతుంది. ఉమ్మడి మాట మాత్రం వర్ణన మాట కాకూడదు, సిరీస్ బరువంతా మోసేది అదే.

ఇంట్లోనే చూసుకోండి. ప్యాకెట్లన్నీ టేబుల్ మీద వరుసగా పెట్టి, మారే మాటను బొటనవేలితో మూయండి. మిగిలింది అన్నిటి మీదా ఒకటేనా? ఆ మిగిలింది చూసి "ఇది ఫలానావాళ్లది" అని కొనేవాళ్లు అనగలరా? రెంటికీ అవునంటే సిరీస్ నిలబడుతుంది. మొదటిదానికి కాదంటే అవి వేరు వేరు మార్కులు. రెండోదానికి కాదంటే సిరీస్ మాట తర్వాత, అసలు పేరు గురించే ఆలోచించుకోవాలి.

మా బ్రాండ్ "కమ్మని". కమ్మని ఆవకాయ, కమ్మని గోంగూర, కమ్మని మాగాయ. ఇది సిరీసేగా?

చూడ్డానికి సిరీస్‌లాగే ఉంటుంది. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ సరిగ్గా ఇలాంటి పేరుతోనే వచ్చారు. పసుపు రంగు లేబుళ్లు ఐదు, ఒక్కోదాని మీద ఒక్కో పచ్చడి బొమ్మ, ఎంతో ముచ్చటగా వేయించుకున్నారు. మూత అంచు దగ్గర నూనె మరక పడకుండా లేబుల్ ఎంత కిందికి అతికించాలో కూడా కొలిచి పెట్టుకున్నారు. పేరు మాత్రం పచ్చడి ఎలా ఉంటుందో చెప్పే మాట. ఆవకాయ తీసేస్తే మిగిలేది "కమ్మని", కమ్మదనం ఎవరి పచ్చడికైనా చెప్పుకునేదే. ఉమ్మడి మాటే బలహీనమైతే ఐదు పేర్లూ ఒకేసారి అభ్యంతరంలో పడతాయి.

ఆవిడకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. "కమ్మని" తీసెయ్యక్కర్లేదు. దాని ముందు సరుకుతో సంబంధం లేని ఒక పేరు పెట్టి, "కమ్మని"ని చిన్న అక్షరాల్లో కిందికి దించండి. లేబుళ్లు ఇంకా పదివేలు కొట్టించకముందే ఈ మార్పు చేసుకుంటే ఖర్చు తక్కువ.

గుంటూరు పేరు మీదే మా వ్యాపారమంతా. "గుంటూరు" అన్న మాటనే ఉమ్మడి పేరుగా పెట్టుకోవచ్చా?

కారం విషయంలో వద్దు. ఊరి పేరు సరుకు పుట్టిన చోటు చెప్పే మాట. సిమ్లా పేరుతో సిగరెట్లకు రిజిస్ట్రేషన్ కుదరదని కలకత్తా హైకోర్టు 1977లో చెప్పింది. సిమ్లాకు సిగరెట్లతో ఏ సంబంధమూ లేకపోయినా అలా అన్నారు. మిరపకాయకు ఇంటిపేరు లాంటి గుంటూరు సంగతి ఇక వేరే చెప్పాలా?

ఇంకో విషయం. గుంటూరు సన్నం మిరపకాయకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, ఉంది. ఆ ప్రాంతంలో పండని మిర్చికి జనం పొరపడేలా ఆ పేరు కలిపి మార్కు అడిగితే తిరస్కరించాలని జీఐ చట్టమే చెబుతుంది.

అయితే ఊరి పేరును సిరీస్‌లో మారే మాటగా వాడొచ్చు. స్థలాల పేర్లలో తేడా ఉండొచ్చని సెక్షన్ 15 నేరుగా చెప్పింది. "తొలిచుక్క గుంటూరు", "తొలిచుక్క వరంగల్" అని రెండు రకాల కారాలు అమ్మితే అది చక్కగా సరిపోతుంది, సరుకు నిజంగా అక్కడిదైతే.

"తేజ" చక్కటి పేరు కదా, కారానికి ఎందుకు వద్దంటున్నారు?

మిర్చి యార్డులో తేజ అంటే ఒక రకం. 334, 341, బ్యాడిగి లాగానే అదీ బస్తా మీద రాసే మాట. వ్యాపారంలో అందరూ వాడుకునే మాటకు కూడా సెక్షన్ 9 ఒప్పుకోదు. అదే "తేజ" చీరలకో పెన్నులకో అయితే సంగతి వేరు, అక్కడ అది రకం పేరు కాదు. ఒక మాట వర్ణన మాటా కాదా అన్నది నిఘంటువు చూసి తేలదు, ఏ సరుకు మీద పెడుతున్నారో చూస్తేనే తేలుతుంది.

అక్షరం మార్చి రాస్తే? ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే?

చెవికి అదే మాట వినిపిస్తే లాభం లేదు. కారం అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని "ఎ"లు పెట్టి రాసినా అది కారమే. తెలుగు మాట ఉన్న మార్కుకు దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ దరఖాస్తులోనే ఇవ్వాలి కాబట్టి భాష తెలియని అధికారికీ అర్థం తెలిసిపోతుంది.

వంటనూనెల కేసు ఒకటుంది. మారికో కంపెనీకి "లోసార్బ్", "లో-సార్బ్" అనే మార్కులు రిజిస్టరై ఉన్నాయి. ఆగ్రో టెక్ ఫుడ్స్ తన నూనె మీద "లో అబ్జార్బ్" అని వేసింది. తక్కువ నూనె పీల్చుతుందని చెప్పే మాటను కాస్త కుదించి రాసినంత మాత్రాన దాని మీద గుత్తహక్కు రాదని ఢిల్లీ హైకోర్టు 2010లో మారికో అప్పీలు కొట్టేసింది. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఆపలేకపోయారు. ఆ కేసు గుర్తొచ్చినప్పుడల్లా, పేరు దగ్గర పడాల్సిన కష్టం పేరు దగ్గరే పడాలనిపిస్తుంది.

గోల్డ్, స్పెషల్, ప్రీమియం, నంబర్ వన్. ఇవి పనికొస్తాయా?

మారే మాటలుగా పనికొస్తాయి, నాణ్యత చెప్పే తేడా సిరీస్‌లో ఉండొచ్చు. ఉమ్మడి మాటగా పనికిరావు. పొగడ్త కూడా వర్ణనే.

## దరఖాస్తు వేసేటప్పుడు

సిరీస్‌లోని పేర్ల మధ్య ఎలాంటి తేడాలు ఉండొచ్చు?

చట్టం నాలుగు రకాలు చెప్పింది. ఒకటి, ఏ సరుకో తెలిపే మాటలో తేడా. రెండు, సంఖ్య, ధర, నాణ్యత, ఊరి పేరులో తేడా. మూడు, మార్కు గుర్తింపును పెద్దగా మార్చని ప్రత్యేకత లేని మరే అంశంలోనైనా తేడా. నాలుగు, రంగులో తేడా.

మొదటి రెండూ, నాలుగోదీ తేలిగ్గానే తెలుస్తాయి. పేచీ అంతా మూడోదాని దగ్గరే. "తొలిచుక్క కారం" పక్కన "తొలిచుక్క అమ్మమ్మ కారం" పెట్టారనుకోండి. అమ్మమ్మ అన్నది సరుకును వర్ణించదు, చూసేవాళ్ల మనసులో ఇంకో బొమ్మ కడుతుంది, పేరు గుర్తింపే మారిపోతుంది. "మలిచుక్క" అయితే అసలు వేరే మార్కే.

తెలుగులో సంధితో కూడా చిక్కొస్తుంది. రెండు మాటలూ విడిగా ఉన్నప్పుడు ఏది పేరో, ఏది వర్ణనో తెలిసిపోతుంది. డిజైనర్ అందంగా ఉంటుందని రెంటినీ కలిపి ఒకే మాటగా చేసేస్తే అదో కొత్త పేరులా కనబడుతుంది. ఒక ప్యాకెట్ మీద విడిగా, ఇంకోదాని మీద కలిపి రాస్తే అధికారి ప్రశ్నిస్తారు. అన్నిటి మీదా ఉమ్మడి మాటను ఒకే అక్షరాల తీరులో, విడిగా ఉంచండి.

తెలుగు లేబుల్, ఇంగ్లీషు లేబుల్ రెండూ ఒకే సిరీస్‌లో వెయ్యొచ్చా?

విడిగా వెయ్యమనే చెబుతాను. లిపి తేడాను చట్టం చెప్పిన తేడాల్లో పేరు పెట్టి చెప్పలేదు, కంటికి రెండూ బొత్తిగా వేరుగా ఉంటాయి. ఒకటే వెయ్యగలిగితే, కొనేవాళ్లు ప్యాకెట్ మీద ఎక్కువగా ఏది చూస్తున్నారో అది ముందు వెయ్యండి.

పచ్చళ్లు, పొడులు, నూనెలు అన్నీ ఒకే సిరీస్‌లో పెట్టేద్దామా?

రిజిస్ట్రీ సరుకులను వర్గాలుగా, అంటే క్లాసులుగా, విడదీస్తుంది. పచ్చళ్లు, వంటనూనెలు, నెయ్యి 29వ క్లాస్‌లోకి వస్తాయి. కారం, పసుపు, మసాలాలు, మిఠాయిలు 30వ క్లాస్‌లోకి వస్తాయి. సిరీస్‌కు సరుకులు ఒకటిగానో దగ్గరివిగానో ఉండాలి. పొడులు ఒక సిరీస్, పచ్చళ్లు ఇంకో సిరీస్‌గా వేసుకుంటే ఒకదానికి వచ్చిన అభ్యంతరం రెండోదాన్ని లాగదు.

సరుకు పేరులోని మాట కూడా నిజమై ఉండాలి. గానుగలో ఆడించని నూనె మీద "గానుగ" అని, కల్తీ లేకపోయినా వేరే నూనె కలిసిన దాని మీద "నువ్వుల నూనె" అని వేస్తే అది వర్ణన కాదు, మోసపుచ్చే మాట. దాని మీద వేరే అభ్యంతరం వస్తుంది, వాడుకతో వచ్చిన పేరు కూడా ఆ అభ్యంతరం నుంచి కాపాడదు.

సిరీస్ వేస్తే ఫీజు మిగులుతుందట కదా?

మిగలదు. దరఖాస్తు ఫారమైన టీఎం-ఎలో ఫీజు క్లాసుకూ లెక్కే, మార్కుకూ లెక్కే. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. ఒక క్లాస్‌లో మూడు పేర్ల సిరీస్ అంటే చిన్న వ్యాపారికి 13,500. చిన్న పరిశ్రమ రాయితీ కావాలంటే ఉద్యమ్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఇది మీ ప్రభుత్వ ఫీజు మాత్రమే, ఏజెంట్ ఫీజు వేరు.

అయితే నిజం చెప్పండి, మాకసలు సిరీస్ అవసరమా?

చాలామందికి అవసరం లేదు. సిరీస్ కోసం వచ్చినవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది, ముందు ఉమ్మడి మాట ఒక్కదాన్నే పద మార్కుగా, అంటే బొమ్మా డిజైనూ లేని ఉత్త మాటగా, వెయ్యండి అని. "తొలిచుక్క" ఒక్కటే 30వ క్లాస్‌లో, కారం, పసుపు, ధనియాల పొడి అన్నీ సరుకుల జాబితాలో రాసి వేస్తే, దాని పక్కన ఏ వర్ణన మాట చేర్చి అమ్మినా ఆ పేరుకు రక్షణ ఉంటుంది. ఖర్చు ఒక్క మార్కుదే. రంగుల కోసమైతే సిరీస్ ఇంకా అనవసరం. రంగు పరిమితి పెట్టకుండా రిజిస్టర్ చేస్తే అన్ని రంగులకూ వర్తిస్తుందని సెక్షన్ 10 చెబుతోంది.

సిరీస్ ఎవరికి ఉపయోగమంటే, లేబుల్ మొత్తం ఒక రూపంగా జనానికి గుర్తుండిపోయి, ఒక్కో రకానికి ఆ లేబుల్‌లో చిన్న మార్పులు మాత్రమే చేసేవాళ్లకు. పద మార్కు చేతిలో ఉన్నాక అలాంటి లేబుళ్లను సిరీస్‌గా వేసుకోవచ్చు.

## అభ్యంతరం వచ్చాక

స్టేటస్‌లో "అబ్జెక్టెడ్" అని పడింది. పేరు పోయినట్టేనా?

పోలేదు, టెన్షన్ పడకండి. అభ్యంతరాలు రాసి రిజిస్ట్రీ పంపే పరీక్షా నివేదిక అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ గడువు దాటనిస్తేనే ప్రమాదం, దరఖాస్తు వదిలేసినట్టు లెక్కేస్తారు. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది, విచారణలు వీడియోలో జరుగుతాయి కాబట్టి రైలెక్కి వెళ్లే పని ఉండదు. నివేదికలో సెక్షన్ 9 అని ఉంటే పేరు వర్ణనగా ఉందని, సెక్షన్ 11 అని ఉంటే ఇంకొకరి మార్కుకు దగ్గరగా ఉందని అర్థం. రెంటికీ జవాబులు వేరు, ఒకదానికి రాసింది ఇంకోదానికి అతికించకండి.

మేము పన్నెండేళ్లుగా ఈ పేరుతోనే అమ్ముతున్నాం. అయినా వర్ణన మాటే అంటారా?

దరఖాస్తు తేదీకి ముందే వాడుక వల్ల ఆ మాట మీ సరుకుకే గుర్తుగా స్థిరపడిందని చూపిస్తే రిజిస్ట్రేషన్ ఇవ్వొచ్చని సెక్షన్ 9లోనే ఉంది. "సూపర్ కప్" టీ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఇదే చెప్పింది, వర్ణన మాటైనా జనం మనసులో ఒక వ్యాపారి పేరుగా కొత్త అర్థం సంపాదించుకుంటే రక్షణకు అర్హమేనని.

అయితే అది రుజువు కావాలి. గుంటూరు పట్నంబజారు నుంచి ఒకాయన రెండు గోనెసంచుల నిండా బిల్లు పుస్తకాలు మోయించుకొచ్చారు. కార్బన్ కాపీలు, కారం ఘాటుకి తుమ్ములొస్తున్నాయి. పేజీ తర్వాత పేజీ తిప్పాం. ప్రతి బిల్లులోనూ "మిర్చి పౌడర్, 50 కేజీలు" అనే ఉంది. బ్రాండ్ పేరు ఒక్కచోట కూడా లేదు. ఆయన మొహం చూస్తే నాకే బాధేసింది, పన్నెండేళ్ల కష్టం నిజం, కాగితం మీద మాత్రం దాని జాడ లేదు. చివరికి పనికొచ్చినవి కవర్లు ప్రింట్ చేసిన ప్రెస్ వాళ్ల పాత బిల్లులు, వాటితో పిన్ను చేసి ఉంచిన కవర్ నమూనాలు.

కాబట్టి ఇవాళ్టి నుంచే బిల్లు మీద "తొలిచుక్క కారం" అని పేరుతో సహా రాయండి. ఏడాదివారీ అమ్మకాలకు సీఏ సర్టిఫికెట్, ప్రకటనల ఖర్చు, వేరే ఊళ్ల డీలర్ల ఆర్డర్లు దాచండి. సిరీస్‌లో ఒక్కో పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారో అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయండి. కారం 2012లో మొదలై, పసుపు నిరుడు మొదలైతే రెంటికీ 2012 అని రాయకూడదు.

ఇవి సిరీస్ కిందికి రావని నివేదికలో రాశారు. ఇప్పుడేం చెయ్యాలి?

మారిన మాట వర్ణన మాటేనని చూపించగలిగితే అదే రాయండి, ఇలాంటి సరుకులు అమ్మే ఇతరులు కూడా ఆ మాట వాడుతున్న ప్యాకెట్ల ఫొటోలు జతచేసి. మామూలుగా ఇలాంటి ఫొటోలు మనకు నష్టం, ఇక్కడ మాత్రం లాభం. అలా చూపించలేకపోతే ఇమడని పేరును తీసెయ్యండి. రిజిస్ట్రీ ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రకటన రాకముందైతే దరఖాస్తును విడదీయమని కూడా అడగొచ్చు.

ఆ వర్ణన మాట మీద ప్రత్యేక హక్కు లేదని షరతు పెట్టారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోండి. మార్కు మొత్తం మీదే మీ హక్కు, అందులోని ప్రత్యేకత లేని భాగం మీద విడిగా హక్కు రాదని సెక్షన్ 17 ఎలాగూ చెబుతోంది. "కారం" అన్న మాట వదులుకుంటే మీకు పోయేదేమీ లేదు.

## రిజిస్టర్ అయ్యాక

పక్క షాపువాళ్లు కూడా "గానుగ నూనె" అని పెద్దక్షరాల్లో వేశారు. మా సిరీస్‌లో ఆ మాట ఉంది కదా, ఆపించొచ్చా?

ఆపించలేరు. సరుకు రకాన్ని, నాణ్యతను తెలపడానికి ఆ మాట వాడితే అది ఉల్లంఘన కాదని సెక్షన్ 30 చెబుతుంది. "షుగర్ ఫ్రీ" పేరుతో చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం అమ్మే కంపెనీ, అమూల్ ఫ్రోజెన్ డెజర్ట్ మీద ఆ మాట ఉండకూడదని కోర్టుకెళ్లింది. చక్కెర లేదని చెప్పడానికి ఆ మాట వాడకుండా పూర్తిగా ఆపడానికి ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. నూడుల్స్ విషయంలో ఐటీసీ "మ్యాజిక్ మసాలా" అన్న మాట కోసం నెస్లే మీద వేసిన దావాను మద్రాసు హైకోర్టు 2020లో కొట్టేసింది, మ్యాజిక్ పొగడ్త మాట, మసాలా అందరి మాట అని.

పక్కవాళ్లు మీ ఉమ్మడి పేరునో, మీ లేబుల్ రూపాన్నో తీసుకుంటే అప్పుడు కదలండి.

ఒకతను మా పేరుకి ముందు ఇంకో మాట చేర్చి అమ్ముతున్నాడు. ఇది ఆపగలమా?

మీ ఉమ్మడి మాట గట్టిదైతే ఆపగలరు. బియ్యం వ్యాపారంలో "గోల్డెన్ ఖిల్లా", "లాల్ ఖిల్లా" పేర్లున్నవాళ్లు "హరా ఖిల్లా" మీద వెళ్లినప్పుడు ఢిల్లీ హైకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. ముందున్న రంగు మాట మారినా కోట అదే కోట, కొనేవాళ్లు ఇదీ వాళ్లదే ఇంకో రకమనుకుంటారు. బియ్యానికి ఖిల్లాతో సంబంధం లేదు కాబట్టే ఆ మాటకు అంత బలం.

మా అన్నదమ్ములం విడిపోతున్నాం. కారం అన్నయ్యకి, పసుపు నాకు అని మార్కులు పంచుకోవచ్చా?

ఇది అడిగేవాళ్లు ఇబ్బందిగానే అడుగుతారు, నాకూ చెప్పడం కష్టంగానే ఉంటుంది. సిరీస్‌గా రిజిస్టరైన మార్కులన్నీ చట్టం దృష్టిలో ఒకదానికొకటి ముడిపడిన మార్కులు. వాటిని అమ్మాలన్నా బదిలీ చెయ్యాలన్నా అన్నీ కలిపే చెయ్యాలని సెక్షన్ 44 చెబుతోంది. "తొలిచుక్క కారం" ఒకరికి, "తొలిచుక్క పసుపు" ఇంకొకరికి రాసివ్వడం కుదరదు. కారణం న్యాయమైనదే, షాపులో రెండూ పక్కపక్కన ఉంటే కొనే మనిషికి ఇద్దరు యజమానులని ఎలా తెలుస్తుంది?

మార్కులు ఒకరి పేరు మీద ఉంచుకుని, రెండోవాళ్లు లైసెన్స్ మీద వాడుకునేలా ఒప్పందం రాసుకోవచ్చు. లేదా ఒకరు పేరు మొత్తం తీసుకుని రెండోవారికి దాని విలువ కట్టివ్వొచ్చు. పెద్దమనుషుల్లో పెట్టుకున్న పంపకాల కాగితంలో ఈ సంగతి ఉందో లేదో సంతకాలకు ముందే చూసుకోండి.

సిరీస్‌లో ఒక ఐటమ్ ఆపేశాం. ఆ పేరు రద్దవుతుందా?

రిజిస్టరై ఐదేళ్లపైన వాడకపోతే ఎవరైనా రద్దు చెయ్యమని అడగొచ్చు. అయితే ముడిపడిన మరో మార్కును మీరు వాడుతుంటే, ఆ వాడుకను దీనికి కూడా వాడుకగా తీసుకునే వెసులుబాటు సెక్షన్ 55లో ఉంది. అది అధికారి విచక్షణ మీద ఆధారపడింది.

కొత్తగా కరివేపాకు కారం మొదలుపెట్టాం. పాత సిరీస్‌లో చేర్చొచ్చా?

చేర్చలేరు, కొత్త దరఖాస్తు వెయ్యాలి. ఉమ్మడి మాట పద మార్కుగా మీ దగ్గర ఉండి, సరుకుల జాబితాలో పొడులూ మసాలాలూ ఉంటే కొత్త దరఖాస్తు కూడా అక్కర్లేదు, నిశ్చింతగా అమ్ముకోండి. కొత్త దరఖాస్తు వేస్తే మాత్రం అది రిజిస్టరయ్యేదాకా ఆ ప్యాకెట్ మీద వలయంలో ఆర్ గుర్తు వెయ్యకండి, టీఎం అని మాత్రమే వెయ్యండి. రిజిస్టర్ కాని పేరును రిజిస్టరైందని చెప్పుకోవడం చట్టప్రకారం తప్పు. పాత లేబుల్ ఫైల్‌లో పచ్చడి పేరో, కారం పేరో మార్చి ప్రెస్‌కు పంపేటప్పుడు ఆ చిన్న గుర్తు తీసెయ్యడం మర్చిపోతుంటారు, ప్రూఫ్ వచ్చినప్పుడు ఒకసారి అక్కడ వేలు పెట్టి చూసుకోండి.